వైర్ వీల్స్ మెరుపు చూసి సరిపెట్టుకోవద్దు, విప్పి చూడండి

సంపాదకుల గారికి నమస్కారం.

పాత కార్ల గురించి మాటలు మొదలైతే ఇంజిను, రంగు, సీట్లు, డ్యాష్‌బోర్డు అంటూ గంటలకొద్దీ సాగుతాయి. సన్నటి ఉక్కు స్పోకులతో అల్లిన చక్రాల దగ్గరికి, అంటే వైర్ వీల్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘భలే మెరుస్తున్నాయి’ అని ముందుకు వెళ్లిపోతారు. కారు బరువు, బ్రేకు దెబ్బ, ఇంజిను లాగే బలం అన్నీ మోసేది ఆ చక్రాలే. పైగా అవి అరిగేది కంటికి కనపడని చోట. చక్రం హబ్బు మీద, అంటే ఇరుసు చివర చక్రాన్ని మోసే భాగం మీద, కూర్చుని ఉన్నంతసేపూ ఆ అరుగుదల బయటపడదు. ఎంజీ, ట్రయంఫ్, ఆస్టిన్-హీలీ, జాగ్వార్ లాంటి కార్లను రోడ్డు మీద నడిపేవాళ్లు ఏడాదికి ఒక్కసారైనా, స్పేరుతో సహా ఐదు చక్రాలూ ఊడదీసి చూసుకోవాలని నా మనవి. ఎలా విప్పాలి, ఏం చూడాలి, ఏది కనిపిస్తే బండి ఆపేయాలి అన్నది మీ పాఠకుల కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ చక్రానికి మామూలు కారు చక్రంలా నాలుగైదు నట్లు ఉండవు. మధ్యలో ఒకే ఒక పెద్ద నట్టు ఉంటుంది. హబ్బు చుట్టూ పొడవునా కోసిన పళ్లుంటాయి, చక్రం నడిమి గొట్టం లోపల వాటికి సరిపడే పళ్లుంటాయి. వీటినే స్ప్లైన్లు అంటాం. ఇంజిను తిప్పే బలమూ, బ్రేకు ఆపే బలమూ ఈ పళ్ల మీదుగానే చక్రానికి చేరతాయి. కానీ చక్రాన్ని సరిగ్గా నడిమధ్యలో నిలబెట్టే పని పళ్లది కాదు. అది రెండు టేపర్ల పని, అంటే కోనులా వాలుగా సన్నబడే ముఖాల పని. ఒకటి హబ్బు మొదట్లో, లోపలివైపు ఉంటుంది. రెండోది బయట, నట్టు కడుపులో ఉంటుంది. నట్టు బిగించినప్పుడు చక్రం ఈ రెండు టేపర్ల మధ్య నొక్కుకుని కదలకుండా కూర్చుంటుంది. ఆ పట్టు గట్టిగా ఉన్నంతకాలం పళ్ల మధ్య రాపిడి ఉండదు. పట్టు సడలిన రోజు నుంచే పళ్లు అరగడం మొదలవుతుంది. అందుకని పళ్లు అరిగాయని తెలిస్తే కొత్త పళ్లు వేయించి ఊరుకోకుండా టేపర్లు ఎందుకు వదిలేశాయో కూడా వెతకాలి.

ముందుగా నట్టు ఏ వైపుకు తిరుగుతుందో తెలియాలి. స్టీరింగు ముందు కూర్చున్నవాడికి ఎడమ పక్కనున్న చక్రాలకు మామూలు మర ఉంటుంది, అంటే అపసవ్యంగా తిప్పితే వదులవుతుంది. కుడి పక్క చక్రాలకు ఎడమ మర, సవ్యంగా తిప్పితే వదులవుతుంది. చాలా నట్ల మీద విప్పే దిశకు బాణం గుర్తు, ఏ పక్కదో తెలిపే అక్షరాలు పోతపోసే ఉంటాయి. అవి అరిగిపోయినా ఒక సులువైన గుర్తు ఉంది. సుత్తితో కొట్టడానికి నట్టుకు పొడుచుకొచ్చి ఉండే రెక్కలను చెవులంటాం. పైనున్న చెవిని కారు ముందువైపుకు కొడితే నట్టు వదులవుతుంది, వెనకవైపుకు కొడితే బిగుస్తుంది. ఏ పక్క చక్రానికైనా ఇదే వర్తిస్తుంది.

ఇలా పెట్టడానికి బలమైన కారణం ఉంది. నట్టు లోపలి టేపరు చుట్టుకొలత, అందులో కూర్చునే చక్రం టేపరు చుట్టుకొలత కంటే వెంట్రుకవాసి ఎక్కువ. బరువు మీద చక్రం దొర్లుతున్నప్పుడు ఈ కొద్దిపాటి తేడా వల్ల నట్టు చక్రం కంటే కాస్త వెనకబడుతుంది. వెనకబడటమంటే బిగిసే దిశలో జరగడమే. మర సరైన పక్కన ఉంటే బండి నడిచేకొద్దీ నట్టు తనంతట తానే బిగుస్తుంది. ఇరుసు పని చేయించినప్పుడు హబ్బులను పక్కలు మార్చి బిగిస్తే ఇదే సూత్రం ఎదురు తిరుగుతుంది. ఎంత గట్టిగా కొట్టి బిగించినా నట్టు రోడ్డు మీద విప్పుకుంటూ పోతుంది, చివరికి చక్రం ఊడి బయటికి వస్తుంది. పాత కారు కొత్తగా కొన్నవాళ్లు మొట్టమొదట చేయాల్సిన పరీక్ష ఇదే: ఎడమ పక్క హబ్బుకు మామూలు మర, కుడి పక్క హబ్బుకు ఎడమ మర ఉన్నాయా లేదా అన్నది.

మర సన్నదనంలోనూ తేడాలున్నాయి. అంగుళానికి 8 చుట్లున్నవి, 12 చుట్లున్నవి రెండూ వాడుకలో ఉన్నాయి. ఒకదాని నట్టు ఇంకోదాని మీద ఒకటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి పట్టేస్తుంది. అక్కడ బలం చూపిస్తే నట్టు, హబ్బు రెండూ పాడవుతాయి. శుభ్రంగా ఉన్న నట్టు చేతి వేళ్లతో చివరిదాకా తిరగాలి. తిరగకపోతే సుత్తి ఎత్తకుండా మర లెక్కపెట్టండి.

చెవుల నట్టుకు బదులు ఎనిమిది పలకల నట్టు కొన్ని కార్లకు కనిపిస్తుంది. బయటికి పొడుచుకొచ్చే చెవులు మనుషులకు తగిలి గాయపరుస్తాయని అమెరికాలో 1968 నుంచి 1996 దాకా కొత్త కార్లకు చెవుల నట్లు నిషేధించారు, అక్కడికి పంపిన కార్లకు పలకల నట్లు వేశారు. దాన్ని విప్పడానికి దాని కొలతకే చేసిన పానా ఉంటుంది. పైపు పానా పెట్టి తిప్పితే పలకలు గుండ్రమైపోతాయి.

ఇక విప్పే పని. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. విప్పబోయే చక్రానికి ఎదురుమూల చక్రానికి ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టాలి. ఈ పాత కార్లలో హ్యాండు బ్రేకు దాదాపుగా వెనక చక్రాలనే పట్టుకుంటుంది. కాబట్టి వెనక చక్రం విప్పేటప్పుడు హ్యాండు బ్రేకు వేస్తే చాలు. ముందు చక్రానికైతే ఒక మనిషిని కూర్చోబెట్టి బ్రేకు పెడలు తొక్కించాలి. జాకీతో కొద్దిగా ఎత్తి, టైరు నేలను ఇంకా తాకుతూ ఉండగానే నట్టును మొదటి దెబ్బతో వదులు చేయండి. తర్వాత పూర్తిగా ఎత్తి, చట్రం కింద స్టాండు పెట్టి, కారు బరువు స్టాండు మీదికి దించాలి. జాకీని మాత్రమే నమ్ముకుని చక్రం ఊడదీయడం ఎవరికీ తగదు.

సుత్తి విషయంలో రాజీ వద్దు. కిలోన్నర నుంచి రెండు కిలోల బరువున్న రాగి సుత్తి గానీ, ఒక పక్క రాగి, ఒక పక్క తోలు ఉన్న సుత్తి గానీ వాడాలి. సీసం సుత్తి మెత్తగానే ఉంటుంది కానీ రాలే పొడి చేతులకంటుతుంది, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. ఇనుప సుత్తితో కొడితే క్రోమియం పెచ్చులు లేస్తుంది, చెవి అంచు చిట్లి ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి. చెవి మధ్యలో కాకుండా చివర దగ్గర, చక్రం తలానికి సమాంతరంగా దెబ్బ పడాలి. నట్టు ఆకారానికి గాడి కోసిన గట్టి చెక్క దిమ్మె ఒకటి చేయించుకుంటే దెబ్బంతా చెక్క తీసుకుంటుంది, చెవులకు సొట్టలు పడవు.

నట్టు తీశాక చక్రాన్ని రెండు చేతులతో తిన్నగా బయటికి లాగాలి. రాకపోతే తుప్పు పట్టిందన్నమాట. స్పోకులను పట్టి గుంజడం, రిమ్ము వెనక నుంచి సుత్తితో మోదడం చేయొద్దు. స్పోకులు వంగుతాయి, పట్టు మాత్రం వదలదు. పళ్ల సందుల్లోకి తుప్పు వదిలే నూనె పట్టించి రాత్రంతా వదిలేయండి. మర్నాడు నట్టును రెండు మూడు చుట్లు వదులుగా ఎక్కించి ఉంచి, కారు కిందికి దించి, చక్రం నేల మీద ఆనుకుని ఉండగా కారును పక్కలకు ఊపండి. బరువు అటూ ఇటూ మారుతుంటే తుప్పు పగిలి చక్రం వదులుతుంది. నట్టు మీద ఉంది కాబట్టి పూర్తిగా ఊడిపోదు. అలాంటి నట్టుతో కారును రోడ్డు మీద నడిపి వదులు చేయమని కొందరు సలహా ఇస్తారు. ఆ సలహా వినకండి.

చక్రం ఊడదీసే ముందే చేసుకోవలసిన పరీక్ష ఒకటుంది. చక్రం గాల్లో ఉండగా, నట్టును ఒకటి రెండు చుట్లు వదులు చేసి, బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి, టైరును రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ తిప్పి చూడండి. హబ్బు కదలకుండా చక్రం ఒక్కటే కదిలినా, ‘టక్’ మని చప్పుడొచ్చినా పళ్లలో ఖాళీ ఉన్నట్టే. కొత్త జతలో ఈ కదలిక దాదాపు తెలియదు. దీన్ని బేరింగు ఆటతో, అంటే బేరింగులోని ఖాళీతో, కలిపి పొరపడకూడదు. బేరింగు చూడాలంటే నట్టు బిగించి, టైరును పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపాలి. పళ్ల ఖాళీ తిప్పితే తెలుస్తుంది, బేరింగు ఖాళీ ఊపితే తెలుస్తుంది. రోడ్డు మీద ఈ జబ్బు ముందుగా పట్టిచ్చేది ఒక శబ్దమే. ముందుకు నడుస్తున్న కారు ఆపి రివర్సులో కదిలించినప్పుడు వెనక నుంచి ఒక్క ‘ఠక్’ వస్తుంది, మళ్లీ ముందుకు కదిలిస్తే ఇంకోటి. చాలామంది దాన్ని ప్రొపెల్లరు షాఫ్టు (ఇంజిను బలాన్ని వెనక ఇరుసుకు చేర్చే కడ్డీ) జాయింటుదని అనుకుని అది మార్పిస్తారు, శబ్దం మాత్రం పోదు.

చక్రం ఊడి చేతికొచ్చాక వెంటనే తుడవకండి. పళ్ల మధ్య ఎర్రమట్టి రంగు పొడి ఉందా అని చూడండి. అది నీటి వల్ల పట్టిన తుప్పు కాదు. రెండు ఇనుప ముఖాలు సన్నగా రాసుకుని పొడైపోతే అలా మిగులుతుంది. ఆ పొడి ఉందంటే నట్టు బిగువు తక్కువైనా అయి ఉండాలి, టేపర్లు చెడైనా ఉండాలి. తర్వాత హబ్బును, చక్రం లోపలి గొట్టాన్ని కిరసనాయిలుతో, గట్టి కుంచెతో కడిగి ఆరబెట్టి, మంచి వెలుతురులో చూడాలి. కొత్త పంటికి పైన చదునైన నెత్తి ఉంటుంది, రెండు పక్కలా ఒకే వాలు ఉంటుంది. అరిగేకొద్దీ ఆ నెత్తి సన్నబడుతూ వచ్చి చివరికి రంపపు పళ్లలా మొనదేలుతుంది. మొనదేలిన పన్ను కనిపిస్తే ఇక ఆలోచించడానికేమీ లేదు, ఆ భాగం పనికిరాదు. అంతకంటే ముందు దశ పట్టుకోవడానికి గోరు చాలు. పంటి పక్క గోడ మీద, చక్రం కూర్చునే చోటు నుంచి చక్రం తాకని చివరిదాకా గోరు నెమ్మదిగా జరపండి. మధ్యలో మెట్టులా తగిలితే ఆ మెట్టు ఎత్తే అరుగుదల లోతు. వెనక చక్రాల్లో ఇంజిను బలం వల్ల పంటి ఒక పక్క ఎక్కువ అరుగుతుంది. ముందు చక్రాలను బ్రేకు బలం అరగదీస్తుంది. అందుకే ముందు హబ్బులు ‘ఊరికే తిరిగేవే కదా’ అని వదిలేయకూడదు.

పళ్లలో ఖాళీ ఎందుకంత ప్రమాదమో చెప్పాలి. బ్రేకు వేసినప్పుడు హబ్బు ఆగుతుంది, చక్రం ఆ ఖాళీ మేరకు ముందుకు జరుగుతుంది, నట్టును కూడా తనతో లాగుతుంది. ముందుకు జరగడం నట్టు విప్పుకునే దిశ. అంటే మర ఇచ్చే రక్షణను అరిగిన పన్ను ప్రతి బ్రేకుతోనూ కొద్దికొద్దిగా తినేస్తుంది. పళ్లు పూర్తిగా పోతే వెనక హబ్బు తిరుగుతుంది, చక్రం తిరగదు. ముందు చక్రంలో అదే జరిగితే ఆ చక్రానికి బ్రేకు లేనట్టే.

కొత్త చక్రాన్ని అరిగిన హబ్బుకు ఎక్కించడం డబ్బు ఆదా కాదు. అరిగిన పళ్ల ఎత్తుపల్లాల మీద కొత్త పళ్లు అక్కడక్కడా మాత్రమే ఆనుతాయి, ఆ కొద్ది చోట్లే బలమంతా పడి త్వరగా అరిగిపోతాయి. కొత్త హబ్బు, పాత చక్రం అయినా ఇదే గతి. రెండూ జతగా మార్చాలి. ఎడమ చక్రాన్ని కుడికి, కుడి చక్రాన్ని ఎడమకు మారిస్తే అరగని పక్క పనికొస్తుందని కొందరంటారు. హబ్బు అరుగుదల హబ్బు మీదే ఉంటుంది కదా, ఖాళీ తగ్గేది ఎలా? మార్చకపోగా ఏ చక్రం ఏ హబ్బుదో లోపలివైపు గుర్తు రాసి పెట్టుకుని, అదే హబ్బుకు ఎక్కించడం మేలు. ఇన్నేళ్లూ డిక్కీలో ఉన్న స్పేరు చక్రాన్ని అరిగిన హబ్బు మీద వాడాల్సి వస్తే అవసరం తీరేవరకే వాడండి.

టేపర్ల విషయానికి వస్తే, అవి నున్నగా, మెరుస్తూ, చుట్టూతా ఒకే తీరుగా ఉండాలి. గీతలు, గుంటలు, ఒక పక్కే మెరుపు ఉంటే చక్రం సరిగ్గా కూర్చోవడం లేదన్నమాట. నీలిరంగు గుర్తు పూసి నిజం తేల్చుకోవచ్చు. హబ్బు వెనక టేపరుకు, నట్టు లోపలి టేపరుకు పలచగా నీలం రాసి, చక్రం ఎక్కించి, నట్టు బిగించి, మళ్లీ విప్పి చూస్తే చక్రం మీద నీలం ఎక్కడంటిందో కనిపిస్తుంది. చుట్టూతా అంటితే మంచిది. ముక్కలు ముక్కలుగా అంటితే ఆ టేపరు చెడింది. ఇంకో సంగతి: బాగా అరిగిన చక్రంలో నట్టు చక్రాన్ని నొక్కడానికి ముందే దాని అడుగు హబ్బు చివరను తాకి ఆగిపోతుంది. పైకి బిగిసినట్టే ఉంటుంది, లోపల చక్రం వదులుగానే ఉంటుంది. నట్టు బిగించాక కూడా అది ఇంకా లోపలికి పోవడానికి చోటు మిగిలి ఉండాలి. ట్రయంఫ్ టీఆర్ లాంటి కార్లలో స్ప్లైన్ హబ్బును మామూలు హబ్బు స్టడ్ల మీదికి నట్లతో బిగిస్తారు. ఆ స్టడ్లు పొడవుగా ఉన్నా, ప్రత్యేకంగా వచ్చే పొట్టి నట్లకు బదులు మామూలు నట్లు వేసినా అవి చక్రం వెనక భాగానికి తగిలి ఇదే గొడవ తెస్తాయి.

ఇక్కడే పౌడరు కోటింగు గురించి గట్టిగా చెప్పాలనుంది. అది చూడటానికి బాగుంటుంది, తుప్పు ఆపుతుంది, నిజమే. కానీ మొత్తం చక్రాన్ని పౌడరులో ముంచెత్తినట్టు చేసి తెచ్చిచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. టేపర్ల మీద ఆ పొర ఉంటే నట్టు బిగువు ఇనుము మీద కాక రంగు మీద పడుతుంది. నాలుగు రోజులు నడిచాక ఆ పొర నలిగి పలచబడుతుంది, బిగువు అంతమేరకు పోతుంది, ఎర్ర పొడి మొదలవుతుంది. పళ్ల మీద కోటింగు పడితే చక్రం ఎక్కదు, ఎక్కించడానికి ఆకురాయి పట్టుకుంటారు, దాంతో పంటి ఆకారమే పోతుంది. నిపిళ్లు (స్పోకులను రిమ్ముకు బిగించే చిన్న నట్లు) రంగు కింద అతుక్కుపోయి తర్వాత తిరగవు. రిమ్ములోని సన్నని పగుళ్లను కూడా అది మూసేస్తుంది. కోటింగుకు ఇచ్చే ముందే టేపర్లకు, పళ్లకు మూతలు పెట్టమని రాతపూర్వకంగా చెప్పండి, తెచ్చుకునేటప్పుడు చూసుకోండి. క్రోమియం పూతకూ ఇదే షరతు. పూతకు ముందు ఆమ్లంలో ముంచినప్పుడు గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి దాన్ని పెళుసు చేస్తుంది. పూత అయిన వెంటనే దాదాపు 200 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచి ఆ హైడ్రోజన్‌ను వెళ్లగొట్టాలి. అది చేయకపోతే స్పోకులు ఏ కారణమూ కనపడకుండా పుటుక్కున తెగుతాయి.

స్పోకులను చెవితో పరీక్షించాలి. చక్రాన్ని మెత్తటి గుడ్డ మీద నిలబెట్టి, చిన్న పానాతో ఒక్కో స్పోకును నడుమ మీద తేలిగ్గా తట్టుకుంటూ పోండి. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది. వదులుగా ఉన్నదీ, తెగినదీ మొద్దుగా మోగుతుంది. పొడవు స్పోకులకూ పొట్టి స్పోకులకూ స్వరం వేరుగా ఉంటుంది కాబట్టి పొడవువాటిని పొడవువాటితోనే పోల్చాలి. ఒకదాన్నొకటి దాటుతూ తాకే చోట వేలు అడ్డుపెట్టకుండా తట్టండి, లేకపోతే మంచిది కూడా మొద్దుగానే వినిపిస్తుంది. ఎంజీఏకు 48 స్పోకులు, ఎంజీబీకి 60, జాగ్వార్ ఈ-టైప్‌కు 72 ఉండేవి. ఎన్ని తక్కువుంటే ఒక్కోదాని మీద అంత భారం. ఈ చక్రం బిగువు మీదే నిలబడుతుంది. నేలను తాకే వైపు స్పోకుల బిగువు కాస్త తగ్గుతుంది, పైకి వెళ్లగానే తిరిగి వస్తుంది. 14 అంగుళాల చక్రమైతే కిలోమీటరుకు దాదాపు 500 సార్లు ఇది జరుగుతుంది. బిగువుగా ఉన్న స్పోకు దీన్ని ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. వదులైనది మాత్రం ప్రతి చుట్టుకూ పూర్తిగా సడలి మళ్లీ లాగబడుతూ హబ్బు దగ్గరి వంపులో గానీ, నిపిల్ దగ్గర మర మొదలయ్యే చోట గానీ తెగుతుంది. తెగిన ఒక్కదాని భారం పక్కనున్న రెండింటి మీద పడుతుంది, తర్వాత తెగేవి అవే. చక్రం మొత్తంలో ఒకటీ అరా పోతే మార్చి బెండు తీయించుకోవచ్చు. పక్కపక్కనే రెండు మూడు పోయినా, తట్టినప్పుడు పావు వంతు చక్రం మొద్దుగా మోగినా ఆ చక్రంతో కారు కదిలించకుండా పూర్తిగా విప్పి కొత్త స్పోకులతో అల్లించడమే దారి.

టైరు గాలితో ఉండగా నిపిళ్లు తిప్పకండి. స్పోకు చివర నిపిల్ దాటి లోపలికి పొడుచుకొచ్చి ట్యూబును గుచ్చుతుంది. టైరు తీసి, నిపిల్ కొలతకు సరిపోయే పానాతో, ఒకసారికి పావు చుట్టు మించకుండా తిప్పాలి. తుప్పు పట్టిన నిపిల్ తిరగకుండా స్పోకే మెలిపడుతుంటే వెంటనే ఆపేసి నూనె పట్టించండి. మెలిపడిన స్పోకు లోపలే పగులుతుంది.

రిమ్ము బెండు కొలవడానికి చక్రాన్ని దాని హబ్బు మీదే బిగించి, డయలు గేజి (సన్నని తేడాను ముల్లుతో చూపే కొలత పరికరం) ఆనించి చేత్తో తిప్పండి. పక్కలకు ఊగడం, పైకీ కిందికీ ఎగరడం రెండూ వేర్వేరుగా కొలవాలి. ఏది 1.5 మిల్లీమీటర్లు దాటినా బాగుచేయించాలి. గేజి లేకపోతే కదలని స్టాండుకు పెన్సిలు కట్టి మొన రిమ్ముకు దగ్గరగా పెట్టి చూసినా తేడా తెలుస్తుంది, కచ్చితమైన అంకె మాత్రం రాదు. బేరింగులో ఆట ఉంటే ఈ కొలతలేవీ నమ్మడానికి లేదు, ముందు దాన్ని సరిచేయాలి.

టైరు తీశాక రిమ్ము లోపలి పల్లాన్ని తప్పకుండా చూడండి. నీరు నిలిచేది అక్కడే, తుప్పు తినేదీ అక్కడే. నిపిల్ రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగులు కూడా లెక్కలోకి వస్తుంది. అనుమానంగా ఉంటే ఎర్రరంగు చొచ్చుకుపోయే ద్రవం చల్లి, పది నిమిషాలాగి తుడిచి, పైన తెల్లపొడి చల్లితే పగులు ఉన్నచోట ఎర్రగీత బయటికొస్తుంది. నడిమి గొట్టం మీద స్పోకు రంధ్రాల మధ్య కూడా ఇదే పరీక్ష చేయండి. పగిలిన గొట్టానికి వెల్డింగు చేయించడం నేను ఒప్పుకోను. స్పోకుల లాగుడు, తిరిగే బలం రెండూ కలిసే చోటు అది. వెల్డింగు వేడికి పక్కనున్న ఉక్కు గుణమే మారిపోతుంది.

పొడుచుకొచ్చిన స్పోకు చివరలుంటే ఆకురాయితో నిపిల్ మట్టానికి అరగదీసి, రిమ్ము మీద కొత్త రబ్బరు పట్టీ వేయాలి. ట్యూబు లేకుండా నడిచేలా ప్రత్యేకంగా సీలు చేసి అమ్మేవి తప్ప పాత వైర్ వీల్స్ అన్నింటికీ ట్యూబు తప్పనిసరి, నిపిల్ రంధ్రాల్లోంచి గాలి పోతుంది. టైరు లోపల అతికించిన కాగితపు చీటీలుంటే పీకేయండి. చూడటానికి ఏమీ కానట్టుంటుంది కానీ వాటి అంచు రాసుకుని ట్యూబుకు చిల్లి పడుతుంది.

తిరిగి ఎక్కించేటప్పుడు పళ్లకు, మరకు, రెండు టేపర్లకు గ్రీజు పలచగా పూస్తే చాలు. దట్టిస్తే అది విసిరి బ్రేకుల మీద పడుతుంది. చక్రాన్ని తోసి, నట్టును చేత్తో చివరిదాకా తిప్పి, చక్రం గాల్లో ఉండగానే, బ్రేకు పట్టి ఉంచి, సుత్తితో బిగించాలి. నేల మీద దించి బిగిస్తే కారు బరువు చక్రాన్ని ఒక పక్కకు నెట్టి ఉంచుతుంది, టేపర్లు నడిమధ్యకు రావు. దెబ్బ పడినప్పుడు నట్టు కదలడం ఆగి, మోత గట్టిపడేదాకా కొట్టాలి. చెవులు వంగేదాకా కొట్టనక్కర్లేదు.

బ్యాలెన్సింగు దగ్గర చాలా చోట్ల పొరపాటు జరుగుతోంది. మామూలు యంత్రంలో మధ్య రంధ్రంలోకి కోను దూర్చి బిగిస్తారు. ఆ కోను వైర్ వీల్‌లో పళ్ల అంచుల మీద ఆనుతుంది. చక్రం కారు మీద కూర్చునేది పళ్ల మీద కాదు, టేపర్ల మీద కదా. యంత్రం మీద సున్నా చూపించిన చక్రం రోడ్డెక్కాక గంటకు 80, 90 కిలోమీటర్ల దగ్గర స్టీరింగును వణికిస్తుంది. రెండు టేపర్లనూ పట్టుకునే అడాప్టరు ఉన్న చోటే చేయించండి. లేదంటే, స్పోకుల పని ఎంత బాగా చేసినా వణుకు పోలేదని మెకానిక్‌ను అనవసరంగా తిట్టుకోవాల్సి వస్తుంది.

పాత కారు కొనబోయేవాళ్లు యజమాని దగ్గర ఒక్క అనుమతి అడగండి: ఒక వెనక చక్రం ఊడదీసి చూసుకుంటానని. ఒప్పుకోకపోతే, కారు ఆపి ముందుకూ వెనక్కూ కదిలించి శబ్దం వినండి. శబ్దం వస్తే రెండు వెనక హబ్బులు, రెండు చక్రాలు జతగా మార్చే ఖర్చు బేరంలో కలుపుకోండి.

అన్నీ బిగించాక 40, 50 కిలోమీటర్లు నడిపి, చక్రాలు మళ్లీ గాల్లోకి లేపి, నట్లు ఒక్కోటి సుత్తితో సరిచూడండి. కొత్త హబ్బు గానీ, కొత్త చక్రం గానీ వేసి ఉంటే ఇంకో 50 తర్వాత కూడా చూడాలి. రెండోసారి కూడా నట్టు కదులుతోందంటే టేపరు మీద రంగు మిగిలి ఉందేమో, మర సరైన పక్కదేనో మొదటి నుంచి తనిఖీ చేయండి.

ఇట్లు,
పాత కార్ల చక్రాల పని తెలిసిన ఒక పాఠకుడు